పదిహేడు నవ్వులు

పెద్దాయన బయల్దేరాడట, గంటలో వచ్చేస్తాడట. ఆ కబురు చెప్పి ఎడిటరమ్మాయి అద్దానికి అవతల కుర్చీలో కూలబడి ఫోన్లో తల దూర్చింది. ఇవతల, గోడలకు నురుగు దిండ్లు అతికించిన అగ్గిపెట్టంత గదిలో, మైకు ముందు, ముప్పై ఐదో పేజీ తెరిచిపెట్టుకుని అనౌన్సరమ్మ కూర్చుని ఉంది. స్టూడియోలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముప్పై ఏళ్లు ఈ ఊరి రైల్వే స్టేషన్లో ఏ బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు ఆమెదే. ఇంతకీ ఆ మహానుభావుడు ఎందుకు వస్తున్నాడయ్యా అంటే, ఆమెకు నవ్వడం నేర్పడానికి. ఎనభై రెండేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసి నాలుగు మెట్లెక్కలేని మనిషి, యాభై ఎనిమిదేళ్ల ఆడదానికి నవ్వడం ఎలాగో చూపించడానికి కారేసుకుని మరీ వస్తున్నాడు. రానీ. తీరిక ఉన్నవాళ్లు ఏమైనా చేస్తారు.

పొద్దున్నుంచి ముప్పై నాలుగు పేజీలు ఒక్క తడబాటైనా లేకుండా సాగిపోయాయి. ముప్పై ఐదో పేజీలో వంటగది తలుపు తెరుచుకుంటుంది, వంటమనిషి వస్తుంది, అక్కడే బండి ఆగింది. ఆ నవల రాసి యాభై ఏళ్లు. ఇంటింటా ఉంటుంది, పుస్తకాలు చదవని వాళ్ల ఇంట్లో కూడా ఉంటుంది, పెళ్లికీ పుట్టినరోజుకీ ఇచ్చుకుంటారు. అందులో ఒక పెద్ద తెల్లటి ఇల్లు, చితికిపోతున్న ఒక మంచి కుటుంబం, ముగ్గురు ముద్దొచ్చే పిల్లలు, వంటగదిలో ఒక నల్లటి వంటమనిషి. ఆమెకు పెద్దాయన బొగ్గమ్మ అని పేరు పెట్టాడు. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో ఆయన రాయలేదు. ఆ ఇంటి కుక్కకు మాత్రం అసలు పేరొకటి, ముద్దుపేరొకటి, రెండున్నాయి. ముప్పై ఐదో పేజీలో బొగ్గమ్మ పొయ్యి మీద కుతకుతలాడుతున్న గిన్నెను గుడ్డ కూడా లేకుండా ఒట్టి చేతులతో దించుతుంది. చినబాబు హడలిపోతాడు. అప్పుడు ఆమె అంటుంది, "మాకు కాలదు బాబూ" అని. ఆ కిందే, విడిగా ఒక వరుసలో, అచ్చులో ఉంటుంది: హీ హీ హీ. పుస్తకం మొత్తంలో అలాంటివి పదిహేడు. పొద్దున అనౌన్సరమ్మ ఆ మూడు అక్షరాలనీ మూడో నంబరు ప్లాట్‌ఫారం అన్నంత శుభ్రంగా చదివింది. హీ. హీ. హీ.

"అమ్మా, అది నవ్వండీ," అంది ఎడిటరమ్మాయి హెడ్‌ఫోన్లో. "అలాగా. ఇక్కడ అక్షరాలే ఉన్నాయి మరి," అంది ఆమె. రెండోసారీ అలాగే చదివింది, మూడోసారీ అలాగే చదివింది. "నవ్వండమ్మా, మామూలుగా నవ్వేయండి. మీవాళ్ల నవ్వే కదా," అంది ఆ పిల్ల, అని నాలుక్కరుచుకుంది. నాలుక్కరుచుకునే జాతి ఇది కొత్తగా తయారైంది. ఇదివరకటి వాళ్లు అనేసి ఊరుకునేవాళ్లు, వీళ్లు అనేసి బాధపడతారు, ఆ బాధ మనమే తీర్చాలి, ఫర్వాలేదమ్మా అని మనమే వీపు నిమరాలి. ఆమె నిమరలేదు. నాకు రాదమ్మా అంది, అంతే. ఆ పిల్ల లేచి బయటికెళ్లి ఫోన్ చేసింది, తలుపు సరిగా మూసుకోలేదు, రేపు మిమిక్రీ ఆయన ఖాళీయేనా కనుక్కోండి అన్న మాట లోపలికి వచ్చింది. ఆయన్ని ఆమె ఎరుగును. కాకి, పాత మోటారు, తాగుబోతు, చచ్చిపోయిన మంత్రి, నల్లవాళ్లు, ఇవీ ఆయన చేసే గొంతులు, ఈ వరుసలోనే చేస్తాడు. ఇప్పుడు ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్లిపోతే ఆయన వచ్చి పదిహేడు నవ్వులూ పదిహేడు రకాలుగా నవ్వి పోతాడు. ఆ రికార్డు వచ్చే ఏడాది నుంచి ప్రతి బడికీ వెళుతుంది. అందుకని లేవడానికి లేదు.

ఆమెను పిలిచింది మాత్రం ఎంత మర్యాదగా పిలిచారని. ఒప్పందంలో రెండు షరతులు. ఒకటి పెద్దాయనది: ఒక్క అక్షరం వదలకూడదు, ఒక్క అక్షరం మార్చకూడదు, తాను విని సరేనంటేనే రికార్డు బయటికి వెళ్లాలి. యాభై ఏళ్లలో కామా కూడా కదపనివ్వలేదని ఆయన ప్రతి సభలోనూ చెప్పుకుంటాడు. రెండోది ప్రచురణ సంస్థది: చదివే మనిషి ఆ రంగు మనిషే అయ్యుండాలి. కాలం మారిందండీ, మీ కథ మీ గొంతులోనే రావాలని మా ఉద్దేశం, అన్నాడు ఆఫీసులో ఒకాయన, బల్ల మీదికి వంగి, గుండె మీద చెయ్యేసుకుని. మీ కథట. మా కథయితే మేం రాసుకోమూ? రాళ్లు కొట్టడానికి ఓడల్లో తెచ్చిన జనం, రేవు వెనక పేటలో నాలుగు తరాలుగా బతుకుతున్న జనం, కథలు లేక ఏడుస్తున్నారా? ఆ పేటలో ఒక్క సందులో ఉన్న కథలు చాలు, ఆ తెల్లటి ఇంటిని మెట్లతో సహా కప్పేయడానికి. కానీ అవి ఎవరికి కావాలి. పుస్తకాల్లో వాళ్లు వచ్చేదల్లా తలుపు తీయడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి, మంచి మాట ఒకటి చెప్పి నవ్వడానికి, చివర్లో ఎవరి కోసమో చచ్చిపోవడానికి. దయగల రచయితయితే చావు కొంచెం పెద్దగా రాస్తాడు. చదివినవాళ్లు కళ్లొత్తుకుంటారు, కళ్లొత్తుకుని పుస్తకం మూసి, మెట్లు తుడవడానికి వచ్చిన మనిషిని పొద్దెక్కి వచ్చావేమని కేకలేస్తారు.

హెడ్‌ఫోన్లో ఏమీ లేదు, తన ఊపిరే వినిపిస్తోంది. ఇలా తన ఊపిరి తాను వింటూ కూర్చోవడం ఆమెకు అలవాటే. స్టేషన్లో ఆ గదికి కిటికీ కూడా లేదు. బండ్లన్నీ ఆమె చెబితే వచ్చేవి, చెబితే పోయేవి, ఒక్క బండినీ ఆమె చూసింది లేదు. ఒకసారి ఎవడో పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. చక్కగా దువ్వుకున్న తల, ఇస్త్రీ చొక్కా, రోజూ ఏడున్నర బండికి వెళ్లేవాడట, ఆ గొంతు విని మనసు పారేసుకున్నాడట. తలుపు తీసి ఆమెను చూసి, ఆమె భుజం మీదుగా గదిలోకి తొంగిచూసి, "ఆవిడ లేరా?" అన్నాడు. గదిలో ఆమె తప్ప పురుగు కూడా లేదు. "సెలవులో ఉన్నారండీ," అంది, వాడు మనసు పారేసుకున్న ఆ గొంతుతోనే అంది, ఎదురుగా నిలబడి అంది, అయినా వాడి చెవికి ఎక్కలేదు. కళ్లు చెవుల్ని మూసేశాయి. ఆవిడకి ఇవ్వండి అని పూలు ఆమె చేతిలో పెట్టి పోయాడు. వారం రోజులు నీళ్లు మార్చింది వాటికి, సెలవులో ఉన్న ఆవిడ కోసం. పళ్లపొడి ప్రకటన వాళ్లు వాడికంటే తెలివైనవాళ్లు. వాళ్లు ఆమె గొంతు తీసుకుని ఒక పాలరంగు పిల్ల పెదాల మీద అంటించారు. టీవీలో అది రాగానే కూతురు, అప్పుడు నాలుగేళ్లది, అమ్మ గొంతు ఆవిడ ఎత్తుకుపోయిందని ఏడుపు లంకించుకుంది. ఎంత చెప్పినా వినలేదు. వినకపోవడమే మంచిదయింది, ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు కదా.

ఆ కూతురి కూతురే ఇప్పుడు ఎనిమిదో క్లాసులోకి వెళుతోంది. అసలు ఈ గోలంతా అందుకే. ఎనిమిదో క్లాసులో ఆ నవల నుంచి ఒక పాఠం ఉంది, సరిగ్గా ఈ ముప్పై ఐదో పేజీ. పాఠాన్ని నాటకంలా చదివించడం ఈ ఊరి బళ్లలో ఆనవాయితీ. ఒకడు చినబాబు, ఒకతె దొరసాని, ఇక బొగ్గమ్మ ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు, టీచరు కళ్లు ఆ వరుసా ఈ వరుసా తిరిగి క్లాసులో అందరికంటే నల్లటి పిల్ల దగ్గర ఆగుతాయి. నువ్వు లేమ్మా, నీకైతే బాగా నప్పుతుంది. ఇందులో కోపం లేదు, పగ లేదు, ఏ టీచరూ చెడ్డది కాదు, వాళ్ల టీచర్లు వాళ్లకు అలాగే చెప్పారు. రికార్డింగు పని సంగతి తెలియగానే మనవరాలు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, ఏదో మామూలు మాట అడుగుతున్నట్టు, "నువ్వే చదివేస్తే ఇక మా టీచరు మిషన్ పెడుతుంది కదా అమ్మమ్మా, నన్ను లేపదు కదా," అంది. ఆమె అప్పటిదాకా ఈ పనికి రానని చెబుదామనే అనుకుంటోంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టింది. లేపరులే అని ఆ పిల్లకు మాటిచ్చింది. కానీ లేపడం ఒక్కటే అయితే ఎంత బాగుండు. ఆ మిషన్లోంచి ఆ నవ్వు వస్తే, ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా మెడ తిప్పి ఎవరి వైపు చూస్తారో ఆమెకు తెలియదా?

తెలుసు. ఎందుకు తెలియదు. నాకు రాదమ్మా అని పొద్దున ఎడిటరమ్మాయితో చెప్పింది పచ్చి అబద్ధం. ఆ నవ్వు ఆమెకు వచ్చినంత బాగా ఈ భూమ్మీద ఎవరికీ రాదు. నలభై ఆరేళ్ల కిందట, అదే పాఠానికి, రెండో వరుసలోంచి టీచరు ఆమెను లేపింది. మిగతా పేట పిల్లలయితే గొణిగేవాళ్లు, పుస్తకంలో మొహం దాచుకునేవాళ్లు. ఆమె అలా చేయలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుంది, పొట్ట ముందుకు తోసింది, కళ్లు తిప్పింది, పొట్టలోంచి ఎక్కడో పుట్టించి మూడు మెట్లుగా పైకి తెచ్చి నవ్వింది. క్లాసు గొల్లుమంది. బల్లలు చరిచారు. టీచరు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, పక్క క్లాసు టీచర్ని పిలుచుకొచ్చి మళ్లీ చేయించింది. నీకు గొంతు ఉందే పిల్లా అంది. ఆ ముక్క పట్టుకునే ఆమె పోటీలకు వెళ్లింది, కప్పులు తెచ్చింది, స్టేషన్లో ఉద్యోగం తెచ్చుకుంది. ముప్పై ఏళ్ల అన్నం ఆ నవ్వు పెట్టిందే. ఎవరిమీదో రోత పడుతూ కూర్చున్నప్పుడు ఇది మధ్యలో తలెత్తుతుంది, తలెత్తి, మరి నీ సంగతేమిటి అంటుంది. పన్నెండేళ్లు, చప్పట్లంటే ఇష్టం, అంతే, ఇంకేం చెబుతుంది.

ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తుకెళ్లి అమ్మకు చేసి చూపించింది. అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, చెప్పులు విడిచి, బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లు అలాంటి తెల్లటి ఇళ్లల్లోనే వంట చేసిన మనిషి. గుర్తుపట్టి మురిసిపోతుందనుకుంది కూతురు. అమ్మ అంతా చూసింది, నవ్వు కూడా పూర్తిగా వింది, విని, నిజంగానే తెలియక అడిగినట్టు, "ఎవరే అది?" అంది. బొగ్గమ్మ అమ్మా, పుస్తకంలో వంటమనిషి, మనవాళ్లే. "మన పేటలో అలాంటిదెవరూ లేదే," అంది అమ్మ, అని కాళ్లు తుడుచుకుని లేచి పొయ్యి వెలిగించుకుంది. అమ్మ నవ్వుకు చప్పుడు ఉండేది కాదు. రాత్రి పడుకునేముందు దొరసాని నడక నడిచి చూపించేది, దొరసాని వేలెత్తి గదమాయించడం, దొరగారు చొక్కా గుండీ పెట్టుకోలేక తిట్టుకోవడం. అక్కచెల్లెళ్లిద్దరూ దొర్లిపోతుంటే అమ్మ భుజాలు మాత్రం ఊగేవి, నోట్లోంచి ఒక్క సవ్వడి వచ్చేది కాదు. పనిచేసే ఇంట్లో ఆ భుజాలు కూడా ఊగేవి కావు. అరచేతుల్లో, వేళ్ల మొదళ్లలో, గిన్నెలు పట్టుకున్న మచ్చలు వరసగా ఉండేవి, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. చివరి రోజుల్లో పెద్దాసుపత్రిలో కడుపు నొప్పితో మెలికలు తిరిగిపోతున్న అమ్మకు మందు ఇవ్వమని ఈమె అడిగితే, ఆ నర్సు, చిన్న వయసుది, చూడచక్కనిది, రెండు గంటలు ఆగండి, మీవాళ్లు నొప్పి బాగా ఓర్చుకుంటారు కదా, అంది. ఎక్కడ చదివావు తల్లీ ఆ సంగతి, వైద్యం పుస్తకంలోనా? కాదు. ముప్పై ఐదో పేజీలో చదివింది.

చెల్లెలి సంగతి అసలు తలుచుకోకూడదనుకుంది ఇవాళ. తలుచుకోకూడదనుకున్నదే ముందు కూర్చుంటుంది. చెల్లెలు రెండేళ్ల తరవాత అదే క్లాసుకొచ్చింది, అదే టీచరు. అక్క ఎంత బాగా చేసిందో చూశాం, నువ్వూ చెయ్యి. చెల్లెలికి రాలేదు. మూడు పీరియడ్లు నిలబెట్టారట, పెదాలు వణికాయి తప్ప నవ్వు రాలేదు. మధ్యాహ్నం విరామంలో నలుగురు పిల్లలు, స్నేహితులే, రోజూ కలిసి ఆడుకునేవాళ్లే, చెల్లెలి చెయ్యి పట్టుకుని మణికట్టు మీద అగ్గిపుల్ల గీసి పెట్టారు. కాలుతుందో లేదో చూడ్డానికి. కొట్టడానికి కాదు, ఏడిపించడానికి కాదు, పాఠంలో ఉన్నది సరిచూసుకోవడానికి. కెవ్వుమని అరిస్తే వాళ్లే హడలిపోయారట, ఇదేంటి, కాలిందే అని. బుద్ధిగా చదువుకునే పిల్లలు మరి. చెల్లెలు మళ్లీ బడికి వెళ్లలేదు. ఇప్పుడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోంది, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది, అక్కతో అన్నీ మాట్లాడుతుంది, బడి ఊసు మాత్రం ఎత్తదు. అక్క చేసి చూపించకపోయి ఉంటే చెల్లెల్ని మూడు పీరియడ్లు నిలబెట్టేవాళ్లా? ఆ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా జవాబు ఒకేలా వస్తుంది. ఆ టీచరుమీద, ఆ పిల్లలమీద, ఆ పుస్తకంమీద ఉన్న అసహ్యమంతా కలిపి తూచినా, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఆ పన్నెండేళ్ల పిల్ల మీద ఉన్నదే ఎక్కువ. దానికి చప్పట్లు కావలసి వచ్చాయి, చూడు.

అద్దం అవతల అందరూ లేచి నిలబడ్డారు. పెద్దాయన వచ్చేశాడు. చేతిలో నల్ల కర్ర, మెడకు పట్టు మఫ్లరు, ఎడిటరమ్మాయి ఒక పక్క పట్టుకుంటే రికార్డిస్టు ఇంకో పక్క కుర్చీ లాగాడు. రికార్డిస్టు నడివయసు మనిషి, పొద్దున్నుంచి మొత్తం పది మాటలు కూడా ఆడలేదు. ఆమె హెడ్‌ఫోన్ తీసి బయటికొచ్చి నమస్కారం పెట్టింది. పెద్దాయన ఆమెను తల నుంచి కాళ్లదాకా చూసి, చాలా తృప్తిగా, "సరిగ్గా సరిపోయావమ్మా," అన్నాడు. గొంతు ఇంకా వినలేదు, అప్పుడే సరిపోయింది. "నవ్వు దగ్గర ఆగిపోయావటగా. ఏముందమ్మా అందులో. మీ ఇళ్లల్లో చిన్నప్పట్నుంచీ వినేదే కదా."

"మా అమ్మ నవ్వేది కాదండీ," అంది ఆమె.

"మా బొగ్గమ్మ నవ్వేది," అన్నాడాయన, కుర్చీలో వెనక్కి వాలి. "నేను పుట్టకముందు నుంచి మా ఇంట్లో ఉందమ్మా. కన్నతల్లి కంటే ఎక్కువ. నేను రాసిందల్లా ఒట్టి నిజం. చూసిందే రాశాను."

"ఆవిడ అసలు పేరేమిటండీ?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కర్ర పిడి మీద వేళ్లు ఆడించాడు, పైకప్పు వైపు చూశాడు. "అందరం అలాగే పిలిచేవాళ్లమమ్మా," అన్నాడు చివరికి. కన్నతల్లి కంటే ఎక్కువ, పేరు మాత్రం తెలియదు. నువ్వు చూస్తున్నావు కాబట్టి నవ్వింది ముసలివాడా, నువ్వు ఆ తలుపు మూసి వెళ్లాక చెయ్యి తొట్టి నీళ్లలో ముంచుకుని ఎంతసేపు నిలబడిందో చూశావా? చూడలేదు, చూసిందే రాశావు. ఈ మాటలు ఆమె గొంతుదాకా వచ్చాయి. అంటే ఏమవుతుంది? ఆయన నొచ్చుకుంటాడు, ఎడిటరమ్మాయి నీళ్లు తెస్తుంది, రేపు మిమిక్రీ ఆయన వస్తాడు. అప్పుడు, ఎందుకు తోచిందో, ఆ క్షణం దాకా లేని ఆలోచన తోచింది. ఆమె తల వంచుకుని, బడిపిల్లలా, "నా వల్ల కావడం లేదండీ. మీరొక్కసారి చేసి చూపిస్తే పట్టుకుంటాను," అంది.

"నేనా?" అన్నాడు పెద్దాయన. మొహం విప్పారింది. ఎన్నేళ్లయిందో ఆయన్ని ఎవరైనా ఏదైనా చేసి చూపించమని.

ఇద్దరూ పట్టుకుని ఆయన్ని లోపల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ఇవతల, రికార్డిస్టు పక్కన నిలబడింది. ఇన్నేళ్లలో అద్దానికి ఈ వైపు నిలబడటం ఇదే మొదలు. మైకు ముందు మనిషి కూర్చుంటే మీట నొక్కడం ఆ రికార్డిస్టుకు ఊపిరి తీసుకోవడం లాంటిది, ఎర్రదీపం వెలిగింది. లోపలి వాళ్లతో మాట్లాడే బొత్తాము ఏదో ఆమె సైగతో అడిగితే అతను వేలితో చూపించాడు.

"మాకు కాలదు బాబూ, హీ హీ హీ," అన్నాడు పెద్దాయన, కొంచెం సిగ్గుగా.

"కొంచెం మైకుకు దగ్గరగా రండి," అంది ఆమె. "ఇంకా గట్టిగా. గొంతులోంచి కాదండీ, పొట్టలోంచి రావాలి."

ఆయన పొట్టలోంచి నవ్వాడు.

"కళ్లు తిప్పండి, కళ్లు తిప్పితే బాగా వస్తుంది. చెయ్యి మండుతుంటే నవ్వుతోంది కదా ఆవిడ, అది గుర్తుపెట్టుకోండి."

"మండదు కదమ్మా," అన్నాడు ఆయన లోపలి నుంచి.

"ఆఁ, మర్చిపోయాను. అయితే మీ ఇష్టం వచ్చినంత నవ్వండి."

నవ్వాడు. నాలుగుసార్లు, ఐదుసార్లు. ఆరోసారికి మొహమాటం పూర్తిగా వదిలేసింది. బుగ్గలు ఎగరేశాడు, మఫ్లరు జారిపోయింది, భుజాలు విరుచుకుని, కళ్లు తేలేసి, నోరంతా తెరిచి నవ్వాడు. కట్టుడు పళ్లు మైకుకు రెండంగుళాల దూరంలో తళతళలాడాయి. ఎడిటరమ్మాయి మొదట చిరునవ్వుతో చూసింది, తరవాత ఫోన్ చూసుకుంది, తరవాత నేల చూసింది. ఆయన ఆయాసంతో, చెమటతో, ఎంతో సంతోషంగా బయటికొచ్చి కూర్చున్నాడు. "ఇదీ. తెలిసిందా?"

"తెలిసిందండీ. ఒకసారి మీరూ వినండి," అంది ఆమె. రికార్డిస్టు ఆమె వైపు చూశాడు, ఒక్క క్షణం, తరవాత పెద్ద స్పీకర్లలో పెట్టాడు.

గది నిండిపోయింది. నలుగురు మనుషులు నిలబడటానికే ఇరుకైన గది, తలుపులు బిగించిన గది, దాని నిండా ఒక ముసలివాడు చొంగ కారుస్తూ నవ్వుతున్నాడు. పళ్లు టకటకమంటున్నాయి, ఛాతీలో కఫం గురగురమంటోంది, మధ్యమధ్య గాలి పీల్చుకోవడం తోలుతిత్తిలా వినిపిస్తోంది, మళ్లీ హీ హీ హీ. మాకు కాలదు బాబూ, హీ హీ హీ. ఎంతకీ అయిపోదే అది. ఆరోది వచ్చేసరికి పెద్దాయన మొహంలో సంతోషం ఎక్కడికక్కడ ఆగిపోయి ఉంది.

"మైకులో ఏదో తేడా ఉందయ్యా," అన్నాడు.

"మైకు మంచిదే సార్," అన్నాడు రికార్డిస్టు.

"చాలా బాగా వచ్చిందండీ," అంది ఆమె, స్టేషన్లో మాట్లాడే గొంతుతో, తొందర లేకుండా. "ఇదే ఉంచేద్దాం. నేను మాటలు చదువుతాను, పదిహేడు చోట్లా ఈ నవ్వు పెట్టేయమనండి."

"అదెలా కుదురుతుందండీ," అంది ఎడిటరమ్మాయి. "అది మగ గొంతు కదా."

"అవునమ్మా. మొదట్నుంచీ మగ గొంతే."

పెద్దాయన కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. మళ్లీ ఒకసారి పెట్టమన్నాడు, ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు, మొదటిదే పూర్తిగా వినలేదు, చెయ్యెత్తి ఆపమన్నాడు. "తీసేయండి," అన్నాడు.

"ఇదా సార్?"

"అన్నీ. నవ్వులన్నీ. ఎవరివీ వద్దు."

"ఒక్క అక్షరం కూడా వదలకూడదని మీరే..." అని మొదలుపెట్టింది ఎడిటరమ్మాయి.

"అన్నది నేనే కదమ్మా. తీయమంటున్నదీ నేనే." లేచాడు, మఫ్లరు సరిచేసుకున్నాడు, అనౌన్సరమ్మ వైపు చూడకుండా తలుపు వైపు నడిచాడు. ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. కృతజ్ఞతలాంటిది ఏదైనా లోపల కలుగుతుందేమో అని చూసుకుంది, ఏమీ కలగలేదు. చెల్లెలి మణికట్టు కోసం తీశాడా, ఆసుపత్రిలో అమ్మ కోసం తీశాడా? తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు, అందుకని తీశాడు. రేపు సభలో దీన్ని కూడా తన గొప్పతనం కింద చెప్పుకుంటాడు, జనం చప్పట్లు కొడతారు. కొట్టుకోనీ. బడి పుస్తకంలో ఆ మూడు అక్షరాలూ ఇంకా అచ్చులో ఉంటాయి, పిల్లలు వేలు పెట్టుకుని చూస్తూ వింటారు, వేలు అక్కడికి వచ్చేసరికి మిషన్లోంచి ఏమీ రాదు. మెడలు తిప్పడానికి వాళ్లకు సందు దొరకదు. ఈ ఒక్కటి చాలు, మిగతా అంతా ఆయన్నే ఉంచుకోమను.

ఆమె లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, కాస్త జరిపి కూర్చుంది. ఎర్రదీపం వెలిగింది. గిన్నె దించడం చదివింది, చినబాబు హడలిపోవడం చదివింది. తరవాత, అమ్మ ఎలా అనేదో అలా, పిల్లాడు బెదిరిపోకూడదని, ఏడవకూడదని, పళ్ల బిగువున, మెల్లగా అంది, "మాకు కాలదు బాబూ." అని ఆగింది. అవతల రికార్డిస్టు మీట మీద చెయ్యి అలాగే ఉంచాడు. చాలాసేపటికి హెడ్‌ఫోన్లో ఎడిటరమ్మాయి గొంతు వినిపించింది, చిన్నగా.

"అమ్మా, ఈ నవల నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆవిడ చెయ్యి కాలుతుందని నాకెప్పుడూ తట్టలేదండీ."

"వేడి గిన్నె పట్టుకుంటే ఎవరికైనా కాలుతుందమ్మా," అంది అనౌన్సరమ్మ, పేజీ తిప్పుతూ.